హ్యామక్‌లో రాత్రి నిద్ర: ఎంపిక, అమరికల ప్రాజెక్టు డైరీ

లక్ష్యం

ఆరుబయట నేల మీద గుడారం వేసుకునే బదులు రెండు చెట్ల మధ్య హ్యామక్ (గుడ్డ ఊయల) కట్టుకొని, ఒళ్లు నొప్పులు లేకుండా, చలి, వాన, దోమల బెడద లేకుండా రాత్రంతా నిద్రపోగలిగే ఏర్పాటును సమకూర్చుకోవడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. మధ్యాహ్నం ఓ గంట ఊగడానికి ఏ హ్యామక్ అయినా పనికివస్తుంది; ఏడెనిమిది గంటలు శరీరాన్ని మోయవలసిన హ్యామక్ విషయంలో మాత్రం పొడవు, వదులు, పడుకునే తీరు, అడుగు నుంచి వచ్చే చలి అన్నీ లెక్కలోకి వస్తాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, రాళ్లున్నా, తడిసి ఉన్నా హ్యామక్‌కు ఇబ్బంది లేదు. తగిన దూరంలో రెండు గట్టి చెట్లుంటే చాలు. ఆ ఒక్క వెసులుబాటు కోసం ఇంత శ్రమ పడడం సబబేనని నా నమ్మకం. పని సాగే కొద్దీ తీసుకున్న నిర్ణయాలను, వాటి కారణాలను, కొలతలను ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏ రకం హ్యామక్?

రెండు చివర్లా కర్రలు బిగించి పరుపులా పరిచే రకాన్ని మొదటే పక్కన పెట్టాను. అది చూడడానికి చదునుగా, అందంగా ఉంటుంది గానీ, అందులో పడుకున్న మనిషి బరువు గుడ్డ లోపలికి దిగకుండా పైనే ఉండిపోతుంది కాబట్టి కొంచెం పక్కకు ఒరిగినా తిరగబడుతుంది. నూలు తాళ్లతో అల్లిన వల రకం ఒంటికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ బరువు ఎక్కువ, మడిస్తే చోటు ఎక్కువ తీసుకుంటుంది, అల్లికలోని సందుల గుండా గాలి నేరుగా వీపుకు తగులుతుంది. గుడ్డకు రెండు పక్కల పొడవునా పట్టీలు కుట్టి తలవైపు, కాళ్లవైపు కర్రలు పెట్టే బ్రిడ్జ్ హ్యామక్ ఇంకొకటి ఉంది. పక్కకు తిరిగి పడుకునేవారికి అది చాలా అనుకూలం. నేను ఎక్కువగా వెల్లకిలా పడుకుంటాను కాబట్టి, కర్రల బరువు మోయనవసరం లేని సాదా రకాన్ని, అంటే గుడ్డ రెండు చివర్లను కుచ్చుగా దగ్గరికి లాగి కట్టే రకాన్ని ఎంచుకున్నాను.

ఇక పొడవు. ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. దొరికే హ్యామక్‌లలో చాలా వాటి పొడవు 260 నుంచి 275 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. వాటి మీద ‘ఇద్దరికి’ అని రాసి ఉంటే వెడల్పు ఎక్కువని అర్థమే తప్ప పొడవు ఎక్కువని కాదు. కుచ్చు చివరల హ్యామక్‌లో మధ్యగీత వెంబడి నిటారుగా పడుకుంటే శరీరం అరటిపండులా వంగిపోతుంది, మోకాళ్లు వెనక్కి ఒత్తుకుపోతాయి, భుజాలు రెండూ లోపలికి నలుగుతాయి. ఈ బాధలన్నిటికీ మందు ఐమూలగా పడుకోవడం. తలను మధ్యగీతకు ఒక పక్కకు, కాళ్లను రెండో పక్కకు జరిపి పడుకుంటే శరీరం గుడ్డ వంపును అడ్డంగా కోస్తూ దాదాపు చదునుగా పరుచుకుంటుంది. అయితే అలా పడుకోవడానికి గుడ్డ తగినంత పొడవు ఉండాలి. పొట్టి హ్యామక్‌లో ఐమూలగా పడుకోవాలని చూస్తే బిగుసుకున్న గుడ్డ మడత ఒకటి పిక్కల కింద గట్టులా లేచి, కాళ్లను మళ్లీ మధ్యలోకి తోస్తుంది.

నా ఎత్తు 172 సెంటీమీటర్లు. ఆరడుగుల లోపు ఎత్తున్నవారికి 335 సెంటీమీటర్ల పొడవు, అంటే పదకొండు అడుగులు, హాయిగా సరిపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు. నేనూ ఆ కొలతనే తీసుకున్నాను. వెడల్పు 150 సెంటీమీటర్లు చాలు. అంతకంటే వెడల్పైన గుడ్డ ముఖం మీదికి వాలుతుంది, గాలికి రెపరెపలాడుతుంది, బరువూ పెరుగుతుంది.

గుడ్డ విషయంలో నైలాన్, పాలిస్టర్‌ల మధ్య ఆలోచించాను. నైలాన్ మెత్తగా ఉండి శరీరం ఆకారానికి ఒదుగుతుంది, కానీ బరువు పడితే ఎక్కువ సాగుతుంది, తేమ తగిలితే ఇంకా సాగుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, నీటిని తక్కువ పీలుస్తుంది, ఎండకు కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. సాయంత్రం కట్టినప్పుడు ఉన్న ఎత్తు తెల్లవారేదాకా అలాగే ఉండాలన్నది నా కోరిక కాబట్టి చదరపు మీటరుకు 54 గ్రాముల రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా గళ్లుగా నేసిన) పాలిస్టర్ వైపు మొగ్గాను. బరువు తగ్గించుకోవాలని మరీ పల్చని గుడ్డ కొనడం మంచిది కాదు. తయారీదారు చెప్పిన బరువు పరిమితి మన బరువుకు బాగా ఎగువన ఉండాలి. రెండు పొరల గుడ్డైతే పొరల మధ్య ఫోమ్ చాపను పెట్టుకోవచ్చు, దోమ కాటు కూడా కింది నుంచి అంత సులభంగా అందదు. అయినా అడుగున క్విల్ట్ (దూది నింపిన దుప్పటి) తగిలించే ఆలోచన ఉంది కాబట్టి ఒంటి పొరే తీసుకున్నాను.

రిడ్జ్‌లైన్

హ్యామక్ రెండు చివరలనూ కలుపుతూ పైన కట్టే సన్నని తాడును రిడ్జ్‌లైన్ అంటారు. పైకి అది దోమతెర తగిలించుకోవడానికో, కళ్లజోడు సంచి వేలాడదీయడానికో కట్టినట్టు కనిపిస్తుంది. దాని అసలు పని వేరు. చెట్లు దగ్గరున్నా దూరమున్నా రెండు చివరల మధ్య దూరాన్ని అది ఒకే కొలతలో నిలిపి ఉంచుతుంది. కాబట్టి గుడ్డ వదులు, మధ్యలో దాని లోతు ప్రతి రాత్రీ ఒకేలా ఉంటాయి. ఒకసారి హాయిగా కుదిరిన వంపును ఎక్కడికి వెళ్లినా అలాగే తెచ్చుకునే వీలు దీనితోనే కలుగుతుంది.

రిడ్జ్‌లైన్ పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 335కు లెక్క కడితే 278 సెంటీమీటర్లు వస్తుంది. ముందు పొడవు మార్చుకోగల తాడునే కట్టి, 278 దగ్గర మొదలుపెట్టి, ప్రతి మార్పు తర్వాత కనీసం అరగంట పడుకొని చూశాను. రెండు మూడు సెంటీమీటర్ల తేడా కూడా ఒంటికి స్పష్టంగా తెలుస్తుంది. పొడవు పెంచితే గుడ్డ బిగిసి భుజాల దగ్గర ఇరుకవుతుంది. తగ్గిస్తే లోతు పెరిగి ఐమూలగా పడుకోవడం సులువవుతుంది గానీ, గుడ్డ అంచులు ఎత్తుగా లేచి బయటి దృశ్యాన్ని మూసేస్తాయి. నాకు 275 దగ్గర కుదిరింది. ఆ కొలతకు దాదాపు సాగని డైనీమా తాడుతో శాశ్వత రిడ్జ్‌లైన్ చేసుకున్నాను.

దీనితో ఇంకో లాభం ఉంది. హ్యామక్‌లో పడుకున్నాక రిడ్జ్‌లైన్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని వంచి చూడాలి. అది కొద్దిగా వంగితే హ్యామక్‌ను చెట్లకు కట్టే పట్టీల బిగువు సరిగ్గా ఉన్నట్టు. వింటినారిలా బిగిసి ఉంటే పట్టీలు మరీ అడ్డంగా ఉన్నాయని, భారం గుడ్డ మీద కాక ఆ సన్నని తాడు మీద పడుతోందని అర్థం.

పట్టీల కోణం, బలాలు

హ్యామక్‌ను బిగించి కడితే చదునుగా ఉంటుందని అనిపించడం సహజం. నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం, కారణం కొద్దిపాటి లెక్కతో తేలుతుంది. మనిషి బరువును రెండు పట్టీలు కలిసి పైకి లాగి మోయాలి. పట్టీ ఏటవాలుగా ఉన్నప్పుడు దాని లాగుడులో కొంత భాగమే పైకి పనిచేస్తుంది, మిగిలినది రెండు చెట్లను ఒకదానివైపు ఒకటి లాగడానికి పోతుంది. పట్టీ అడ్డానికి దగ్గరయ్యే కొద్దీ పైకి పనిచేసే భాగం తగ్గిపోతుంది కాబట్టి అదే బరువును మోయడానికి మొత్తం లాగుడు విపరీతంగా పెరగాలి.

75 కిలోల మనిషికి లెక్క ఇలా వస్తుంది. పట్టీ అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో పట్టీ మీద 75 కిలోల లాగుడు పడుతుంది, అంటే ప్రతి పట్టీ మనిషి పూర్తి బరువును మోసినట్టే. 15 డిగ్రీలకు తగ్గితే అది సుమారు 145 కిలోలవుతుంది, 10 డిగ్రీల దగ్గర 216, 5 డిగ్రీల దగ్గర 430. ఇవి కదలకుండా పడుకున్నప్పటి లెక్కలు. ఒక్కసారిగా ధబీమని కూర్చుంటే ఆ క్షణంలో భారం ఇంకా పెరుగుతుంది. అందుకే పట్టీలు, తాళ్లు, కారబైనర్లు (తెరిచి మూసుకునే లోహపు కొక్కేలు) మన బరువుకు ఎన్నో రెట్లు తట్టుకునేవిగా ఉండాలి. నేను వాడుతున్న కారబైనర్ల మీద 12 కిలోన్యూటన్లు అని ముద్రించి ఉంది, అంటే దాదాపు 1,200 కిలోల లాగుడు. తాళంచెవులు తగిలించుకునే చిన్న కొక్కేలు చూడడానికి అలాగే ఉంటాయి, వాటిని ఈ పనికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

30 డిగ్రీలను కొలవడానికి పరికరం అక్కర్లేదు. చూపుడువేలును అడ్డంగా చాచి, బొటనవేలును నిటారుగా పైకెత్తితే ఆ రెండు కొసలను కలిపే గీత దాదాపు ఆ వాలులోనే ఉంటుంది. చేతిని పట్టీ పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. మొదట్లో ఫోనులోని కోణమాపకంతోనూ చూసుకున్నాను, ఇప్పుడు కంటికే తెలుస్తోంది.

చెట్టుకు ఎంత ఎత్తున కట్టాలన్నది దూరాన్ని బట్టి మారుతుంది. నా హ్యామక్ మధ్యలో కుంగే లోతు చివరల నుంచి సుమారు 95 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు గుడ్డ నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలంటే హ్యామక్ చివరలు 140 దగ్గర ఉండాలి. చెట్ల మధ్య దూరం నాలుగున్నర మీటర్లయితే ఒక్కో పక్క 87 సెంటీమీటర్ల జాగా మిగులుతుంది. 30 డిగ్రీల వాలుకు అందులో 58 శాతం, అంటే 50 సెంటీమీటర్లు పైకి వెళ్లాలి కాబట్టి పట్టీని 190 సెంటీమీటర్ల ఎత్తున చుట్టాలి. దూరం 3.6 మీటర్లే అయితే 165 చాలు. ఆరు మీటర్లకు పెరిగితే 230 దాటుతుంది, అది నా చేతికి అందదు. అందుకే నాలుగు, నాలుగున్నర మీటర్ల ఎడం ఉన్న చెట్లనే వెతుకుతాను. కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లకు మించకూడదన్నది నాకు నేను పెట్టుకున్న కచ్చితమైన నియమం: ఏ ముడి జారినా, ఏ కుట్టు తెగినా పడేది ఆ కొద్ది ఎత్తు నుంచే.

కాళ్లవైపు పట్టీని తలవైపు కంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తున కట్టడం వల్ల చాలా తేడా కనిపించింది. నడుము పై భాగం బరువైనది కాబట్టి రెండు వైపులా సమానంగా కడితే నిద్రలో శరీరం మెల్లగా కాళ్లవైపు జారుతుంది. కాళ్లవైపు ఎత్తు పెంచితే ఆ జారుడు ఆగిపోతుంది.

చెట్లు

పచ్చగా బతికున్న, కనీసం 20 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న మానులనే ఎంచుకుంటున్నాను. మానును చూసినంత శ్రద్ధగా తలెత్తి కొమ్మలనూ చూడాలి. ఎండిన కొమ్మ ఒక్కటి పైన ఉన్నా ఆ చోటు వదిలేయాలి. చచ్చిన చెట్టుకు కట్టకూడదు. ఇటుక స్తంభాలకు, పునాది ఎంత లోతో తెలియని గుంజలకు అసలే కట్టకూడదు: స్తంభం పైనుంచి కింది దాకా నిలువు బరువును మోయడానికి కట్టినదే గానీ పక్కకు లాగే బలాన్ని ఆపడానికి కాదు, అలా కూలి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

చెట్టు క్షేమం కూడా మన బాధ్యతే. బెరడు కిందనే చెట్టుకు ఆహారాన్ని చేరవేసే పొర, కొత్త కణాలు పుట్టే పల్చని పొర ఉంటాయి. సన్నని తాడును నేరుగా చుడితే మనిషి బరువంతా ఆ చిన్న జాగాలోనే పడి ఆ పొరలు నలిగిపోతాయి. కనీసం 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పాలిస్టర్ పట్టీలు వాడాలి. మెత్తని బెరడున్న చెట్లకు 50 మిల్లీమీటర్లవి ఇంకా మేలు. నైలాన్ పట్టీలు రాత్రంతా సాగుతూ మనల్ని నేలకు దగ్గర చేస్తాయి కాబట్టి వాటిని తీసుకోలేదు. కొన్ని ఉద్యానవనాలలో, అభయారణ్యాలలో చెట్లకు ఏదీ కట్టనివ్వరు. వెళ్లేముందే అడిగి తెలుసుకోవాలి.

పట్టీకి అంచెలంచెలుగా ఉచ్చులు కుట్టి ఉన్న రకం వేగంగా కట్టవచ్చు, కానీ సర్దుబాటు ఒక ఉచ్చు నుంచి మరో ఉచ్చుకే. నాకు సెంటీమీటరు లెక్కన సర్దుకోవడం ముఖ్యం కాబట్టి బిగించే బకిల్ ఉన్న సాదా పట్టీ నచ్చింది. బకిల్ దాటాక మిగిలిన పట్టీతో భద్రత కోసం ఒక జారుముడి కూడా వేస్తాను.

అడుగు చలి

హ్యామక్‌లో మొదటిసారి రాత్రి గడిపేవారు ఎక్కువగా తక్కువ అంచనా వేసేది దీన్నేనని నా ఉద్దేశం. పగలు వెచ్చగా ఉన్న చోట కూడా తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగితే వీపు, పిరుదులు చల్లబడి మెలకువ వస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనమంతా దాని దూది మధ్య చిక్కుకున్న గాలిలోనే ఉంటుంది. మన బరువు కింద ఆ దూది అణిగిపోతే గాలి పోతుంది, వెచ్చదనమూ పోతుంది. పైగా గుడారంలో నేల ఉన్న చోట ఇక్కడ వీచే గాలి ఉంటుంది, అది గుడ్డను తాకుతూ వేడిని నిరంతరం తీసుకుపోతుంది.

ముందు ఫోమ్ చాపతో పరీక్షించాను. అది చవక, తడిసినా పాడవదు, అవసరమైతే నేల మీద కూడా పరుచుకోవచ్చు. కానీ ఐమూలగా పడుకున్నప్పుడు కింద నుంచి జారుతుంది, భుజాల పక్కలను కప్పదు, చెమటను వీపు దగ్గరే నిలిపేస్తుంది. అండర్‌క్విల్ట్ ఈ ఇబ్బందులన్నిటినీ తీర్చింది. దాన్ని హ్యామక్ బయట, అడుగున, సాగే తాళ్లతో వేలాడదీస్తారు కాబట్టి మన బరువు దాని మీద పడదు, దూది పొంగు అలాగే ఉంటుంది. పక్షి ఈకల నింపుడు తేలికే గానీ తడిస్తే అణిగిపోతుంది. తేమ ఎక్కువగా ఉండే రాత్రులను దృష్టిలో పెట్టుకొని కృత్రిమ దూది నింపినదాన్ని తీసుకున్నాను.

దీన్ని అమర్చడంలో ఓపిక కావాలి. గుడ్డకూ క్విల్ట్‌కూ మధ్య సందు ఉంటే అందులోకి చల్లగాలి దూరి క్విల్ట్ ఉన్నా లేనట్టే అవుతుంది. మరీ బిగిస్తే దూది అణుగుతుంది. పడుకున్నాక చెయ్యి కిందికి పోనిచ్చి నడుము దగ్గర తడిమి చూస్తే రెండూ ఒకదాన్నొకటి ఊరికే తాకుతూ ఉండాలి. తలవైపు, కాళ్లవైపు అంచులను కుచ్చుగా లాగి మూయాలి. నాకు చలి ఎక్కువగా భుజాల దగ్గరి సందు నుంచే వచ్చేది. తలవైపు సాగే తాడును కాస్త బిగించడంతో అది తీరింది.

వాన, దోమలు

వాన తగలకుండా హ్యామక్ పైన కప్పుగా కట్టే గుడ్డ టార్ప్. దాని పొడవు కనీసం హ్యామక్ పొడవంత ఉండాలి. నాది 335 సెంటీమీటర్లు, ఆరు మూలల ఆకారం. హ్యామక్ చివరల మధ్య దూరం 275 కాబట్టి తలవైపు, కాళ్లవైపు చెరి 30 సెంటీమీటర్ల నీడ మిగులుతుంది, ఏటవాలు జల్లుకు ఆ మాత్రం అవసరం. సిలికాన్ పూత పూసిన నైలాన్ టార్ప్ తడిసినప్పుడు సాగి కుంగుతుంది, రాత్రి లేచి తాళ్లు బిగించాలి. పాలిస్టర్‌కు ఆ బాధ లేదు. టార్ప్ తాడును హ్యామక్ పట్టీలకు కాకుండా చెట్టుకు విడిగా కడతాను, లేకపోతే మనం పడుకోగానే టార్ప్ కూడా కుంగుతుంది. వాన పడుతుంటే ముందు టార్ప్ కట్టి, దాని నీడలో మిగతావన్నీ విప్పడం మంచి పద్ధతి.

పైన ఎంత కప్పినా నీరు చెట్టు మాను మీదుగా పట్టీలోకి, పట్టీ మీదుగా హ్యామక్‌లోకి పారుతుంది. దీనికి చిన్న ఉపాయం చాలు: టార్ప్ నీడలోకి వచ్చాక పట్టీకి ఒక నూలు దారాన్ని కట్టి కిందికి వేలాడదీస్తే నీరు ఆ దారం వెంట నేలకు దిగిపోతుంది. చెంబుతో పట్టీ మీద నీళ్లు పోసి చూశాను. దారం దాటి ఒక్క చుక్క కూడా ముందుకు రాలేదు. బకిల్ కూడా నీటిని కొంత ఆపుతుంది, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోను.

దోమతెరను రిడ్జ్‌లైన్ మీదుగా వేసి హ్యామక్ మొత్తాన్ని చుట్టూ మూసేలా అమర్చాను. పల్చని గుడ్డ గుండా కింది నుంచి దోమలు కుట్టగలవు. క్విల్ట్ ఉన్న మేర ఆ భయం లేదు, క్విల్ట్ అవసరం లేని వెచ్చని రాత్రుల్లో అడుగును కూడా కప్పే తెర కావాలి.

రాత్రి పరీక్ష

ఎక్కే పద్ధతికి ఒక వరుస ఏర్పడింది. గుడ్డ మధ్యలో రెండు చేతులతో వెడల్పుగా పరిచి, నిదానంగా కూర్చొని, ముందు తల, భుజాలు ఒక పక్కకు వాల్చి, తర్వాత కాళ్లు రెండో పక్కకు పెట్టుకోవాలి. నాకు తల ఎడమకు, కాళ్లు కుడికి కుదురుతాయి. ఇది మనిషిని బట్టి మారుతుంది, రెండూ చూసుకోవాలి. మోకాళ్లు కొద్దిగా వెనక్కి ఒత్తుకుంటున్నట్టు అనిపించినప్పుడు మడిచిన చొక్కాను వాటి కింద పెడితే ఉపశమనం దొరికింది. తలకు పెద్ద దిండు అక్కర్లేదు, గుడ్డ వంపే తలను ఎత్తుతుంది. మెడ కింద పల్చని ఆసరా చాలు.

ఊగడం నిద్రకు తోడ్పడుతుందనడానికి ప్రయోగాల ఆధారం ఉంది. 2011లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు నెమ్మదిగా ఊగే మంచం మీద మధ్యాహ్నం 45 నిమిషాలు పడుకోబెట్టిన పురుషులను పరిశీలించి, కదలని మంచం మీద కంటే వారు త్వరగా నిద్రలోకి జారుకున్నారని ప్రచురించారు. నా వరకు పడుకున్న తొలి నిమిషాల్లో ఊగుడు హాయిగా ఉంటుంది, గాలి వీచే రాత్రి మాత్రం అది ఎడతెగకుండా సాగి చిరాకు పెడుతుంది. హ్యామక్ ఒక పక్క అంచు నుంచి నేలలోని మేకుకు సాగే తాడు కడితే ఊగుడు నెమ్మదిస్తుంది.

ప్రస్తుత స్థితి, మిగిలిన పని

మొత్తం బరువు సుమారు రెండు కిలోలకు వచ్చింది: హ్యామక్, రిడ్జ్‌లైన్ కలిసి 430 గ్రాములు, పట్టీలు, కారబైనర్లు 260, తాళ్లు, మేకులతో టార్ప్ 480, అండర్‌క్విల్ట్ 640, దోమతెర 220. క్విల్ట్‌ను హ్యామక్‌కు తగిలించే ఉంచి రెంటినీ కలిపి ఒకే సంచిలో కూరుతున్నాను, విప్పగానే సర్దుబాటు చాలావరకు సిద్ధంగా ఉంటుంది. టార్ప్, పట్టీలు తడిసి, బెరడు పొట్టుతో వస్తాయి కాబట్టి వాటి సంచి వేరు.

ప్రతిసారీ కట్టేముందు కుచ్చు దగ్గరి ఉచ్చులను, పట్టీల కుట్లను, బకిల్ ఒరుసుకునే చోటును వేలితో తడిమి చూస్తున్నాను. పోగులు లేచిన తాడును వాడకుండా మార్చేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ దారాలన్నిటినీ బలహీనపరుస్తాయి కాబట్టి పగలంతా హ్యామక్‌ను ఊరికే కట్టి వదిలేయడం లేదు. ఉతకడానికి చల్లని నీరు, తేలికపాటి సబ్బు, నీడలో ఆరబెట్టడం సరిపోతాయి.

ఇక మిగిలింది టార్ప్ తలవైపు, కాళ్లవైపు తెరుచుకున్న భాగాలను గాలివాన రాత్రి మూసుకునే ఏర్పాటు. రెండు చిన్న త్రికోణాకారపు గుడ్డలను అంచులకు కుట్టాలా, లేక టార్ప్ మూలలనే లోపలికి మడిచి కట్టాలా అన్నది తేల్చాలి. మడిచే పద్ధతికి అదనపు బరువు లేదు కాబట్టి ముందు దాన్నే కట్టి చూస్తాను. ఎదురుగాలికి జల్లు క్విల్ట్ దాకా చేరకపోతే కుట్టుపని అవసరం ఉండదు.